ఇంజనులో నిప్పురవ్వ: దాని చరిత్ర, దాని బలహీనత

హైదరాబాదు పాతబస్తీ సందులలో చిన్న చిన్న మోటారు మరమ్మతు దుకాణములు అనేకము గలవు. నలుబది ఏబది ఏండ్లనాటి స్కూటరునో, మోపెడునో అచ్చటికి నెట్టుకొనిపోయి, ఎన్నిమార్లు కిక్కు కొట్టినను ఇంజను అందుకొనుట లేదని చెప్పినచో, పనివాడు మొదట ప్లగ్గు విప్పును. దాని లోహపు భాగమును ఇంజను తలకు ఆనించి, కిక్కు కొట్టి, కొనల నడుమ మెరయు రవ్వను చూచును. రవ్వ సన్నగా మినుకుమినుకుమనుచున్నచో "ప్లగ్గుకు కరెంటు తక్కువ వచ్చుచున్నది" అనును.

ఈ మాట వాడుకలో స్థిరపడినది. దానితో పని జరుగుచున్నది గనుక తప్పు పట్టనక్కరలేదు. కాని దానిని అక్షరాల నమ్మిన విద్యార్థి దారి తప్పును. ప్లగ్గు కొనలయందు రవ్వ పుట్టుటకు కారణము కరెంటు వచ్చుట కాదు; కరెంటు ఆగుట. ఇంజనులోని ఒక తీగచుట్టలో ప్రవహించుచున్న విద్యుత్తు హఠాత్తుగా తెగినపుడు, దానిపై చుట్టిన మరియొక తీగచుట్టలో వేలకొలది వోల్టులు పుట్టి, ప్లగ్గు కొనల నడుమ గాలిని చీల్చుకొని దూకును. ప్రవాహము ఎంత చటుక్కున తెగిన, రవ్వ అంత బలముగ నుండును. తెగుట మందగించినచో రవ్వ నీరసించును.

ఈ చిన్న సూత్రమును ఇంజనుకు పూర్తిగా అనువు పరచుటకు శాస్త్రజ్ఞులకును, పనివారికిని సుమారు 70 ఏండ్లు పట్టినది. ఆ కాలములో ఎదురైన ఒక్కొక్క లోపమునకు పరిహారముగా ఒక్కొక్క భాగము చేరినది. కనుక ఏ భాగము ఏ లోపమును తీర్చుటకు పుట్టినదో ఎరిగినచో, ఆ భాగము చెడినపుడు ఏమి జరుగునో తెలిసినట్లే. పాత ఇంజనును బాగుచేయువానికి చరిత్ర ఇట్లు అక్కరకు వచ్చును.

తొలి ప్రయత్నములు

1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొనెను. తీగచుట్టలోని అయస్కాంత క్షేత్రము స్థిరముగ నున్నంతకాలము ఏమియు జరుగదు. అది మారునపుడు మాత్రమే తీగలో విద్యుత్తు ప్రేరితమగును. మార్పు ఎంత వేగముగ జరిగిన, పుట్టు వోల్టేజి అంత ఎక్కువ. 1836లో ఐర్లండు దేశీయుడగు నికొలస్ కలన్ ఈ సూత్రముతో ప్రేరణచుట్టను నిర్మించెను. 1851 నాటికి పారిస్ నగరమున శాస్త్రపరికరములు చేయు రుమ్‌కార్ఫ్ దానిని బాగుపరచెను. లోపల మందపు తీగ కొన్ని చుట్లు, పైన సన్నని తీగ వేలకొలది చుట్లు. లోపలి ప్రాథమిక తీగలో ప్రవాహమును తెంచినపుడెల్ల పైనున్న గౌణ తీగ కొనల నడుమ రవ్వలు దూకెను.

అయితే ఒక చిక్కు వచ్చినది. ప్రవాహమును తెంచిన తావుననే, అనగా విడిపోవు రెండు లోహపు కొనల నడుమనే, మరియొక రవ్వ పుట్టసాగెను. కొనలు విడిపోయినను విద్యుత్తు ఆ రవ్వ దారిని కొంతసేపు ప్రవహించుచునే యుండెను. చటుక్కున తెగవలసినది సాగి సాగి తెగుచుండెను. 1853లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫిజో దీనికి విరుగుడు కనిపెట్టి, ఆ కొనలకు ప్రక్కగా ఒక కండెన్సరును అమర్చెను.

పారుచున్న కాలువకు తూము తలుపు ఒక్కసారిగా దించినచో నీరు గట్టుపైకి ఎగయును; మెల్లగా దించినచో ఎగయదు. తలుపు పూర్తిగా దిగకముందే నీరు సందులగుండ చిమ్ముకొనిపోయినచో ఎగయు బలము వృథా యగును. ఆ క్షణమున నీరు చేరుటకు ప్రక్కన చిన్న గుంట యున్నచో, అది నిండులోగా తలుపు గట్టిగా మూసికొనును. కండెన్సరు అట్టి గుంట. కొనలు తగినంత దూరము జరుగువరకు అది విద్యుత్తును తనలోనికి తీసికొనును. అందుచేత కొనల నడుమ రవ్వ అణగి, ప్రవాహము చటుక్కున తెగును.

1860లో పారిస్‌లో లెన్వార్ తన గ్యాసు ఇంజనుకు రుమ్‌కార్ఫ్ చుట్టను వాడెను. కాని ఆనాటి ఆమ్లపు బ్యాటరీలతో అది నమ్మదగినదిగా నుండలేదు. అందువలన జర్మనీలో ఓటో 1876లో తన ప్రసిద్ధమగు నాలుగు స్ట్రోకుల ఇంజనును నిర్మించినపుడు విద్యుత్తును మానివేసి, జారుడు కవాటముగుండ చిన్న మంటను సిలిండరుకు చూపెను. డైమ్లర్ బయటినుండి ఎర్రగా కాల్చిన గొట్టమును వాడెను. ఇవి పనిచేసినవి గాని, వాయుమిశ్రమము ఏ క్షణమున అంటుకొనవలెనో ఆ క్షణముననే అంటించు నేర్పు వాటికి లేదు. ఇంజను వేగము పెరిగినకొలది ఈ లోపము భరింపరాని దయ్యెను.

మాగ్నెటో పుట్టుక

1884లో ఓటో బ్యాటరీ అక్కరలేని మార్గమును కనుగొనెను. శాశ్వత అయస్కాంతముల నడుమ తీగచుట్టను కదలించి విద్యుత్తును పుట్టించి, సిలిండరు లోపలనే రెండు కొనలను విడదీసి రవ్వను తెప్పించెను. ఇదియే తక్కువ వోల్టేజి మాగ్నెటో. స్టుట్‌గార్ట్ నగరమున 1886లో చిన్న పనిశాల తెరచిన రాబర్ట్ బాష్, మరుసటి ఏడే ఇట్టి మాగ్నెటోను నిర్మించెను. 1897లో దానిని మార్చి, వేగముగ తిరుగు డి డియాన్ మూడుచక్రముల బండికి అమర్చెను. అయినను సిలిండరులోని మంటయందు కదలుచు అరుగుచుండు కొనల బాధ మాత్రము తప్పలేదు.

బాష్ పనిశాలలోని గాట్లోబ్ హోనోల్డ్ 1902లో ఆ బాధను తొలగించెను. అతడు మాగ్నెటో తీగచుట్టపై మరియొక సన్నని తీగచుట్టను చేర్చెను. ప్రవాహమును తెంచు కొనలను సిలిండరు బయటకు తెచ్చి, వాటి ప్రక్క ఫిజో కండెన్సరును పెట్టెను. పుట్టిన అధిక వోల్టేజిని ఒక తీగద్వారా సిలిండరులో బిగించిన ప్లగ్గుకు పంపెను. లోపల కదలు భాగమొకటియు లేదు. ఫారడే అయస్కాంతము, రుమ్‌కార్ఫ్ చుట్ట, ఫిజో కండెన్సరు ఒక గూటిలో చేరి, పాత స్కూటరు చక్రము వెనుక మనము నేడు చూచు పరికరమైనవి.

ప్రవాహమును తెంచు కొనలనే మన మెకానిక్కులు 'పాయింట్లు' అందురు. తొలి రోజులలో వాటికి ప్లాటినము తొడుగులు వాడిరి. రవ్వ వేడికి సులభముగ చెడని లోహమని. పిమ్మట టంగ్‌స్టన్ వచ్చినది. ఫ్రెంచివారు మాత్రము వాటిని ఇప్పటికిని 'ప్లాటినము మరలు' అను అర్థమిచ్చు పేరుతోనే పిలుతురు.

చౌమహల్లాలోని సాక్ష్యము

ఈ చరిత్రలో ఒక ముఖ్యఘట్టమునకు సాక్ష్యము పాతబస్తీలోనే కలదు. చార్మినారుకు చేరువనున్న చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చూడవచ్చును. దానిని తెప్పించుటకు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఉత్తరువిచ్చెను. కాని అది చేరకముందే 1911లో ఆయన మరణించెను. కారు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున నగరమునకు వచ్చినది. చూపరులు దాని పసుపుపచ్చ రంగును, సింహాసనమువలె ఎత్తుగా అమర్చిన వెనుక ఆసనమును చూచి ఆనందింతురు. భౌతికశాస్త్ర విద్యార్థి చూడవలసిన వింత ఇంజనులో కలదు.

ఆ తరగతి కార్లకు ఆరు సిలిండర్లు. ప్లగ్గులు మాత్రము పన్నెండు. ప్రతి సిలిండరుకు రెండేసి ప్లగ్గులు. ఒక వరుసకు మాగ్నెటోనుండియు, రెండవ వరుసకు బ్యాటరీతో పనిచేయు ప్రేరణచుట్టనుండియు రవ్వలు వచ్చును. ఇంత ఖరీదైన కారులో రెండు ఏర్పాట్లు ఎందులకు?

మాగ్నెటో వోల్టేజి అది తిరుగు వేగముపై ఆధారపడును. చేతితో పిడి త్రిప్పి ఇంజనును లేపునపుడు వేగము స్వల్పము గనుక రవ్వయు బలహీనము. బ్యాటరీ చుట్టకు ఈ దోషము లేదు. ఇంజను ఎంత మెల్లగా తిరిగినను దాని రవ్వ బలముగ నుండును. అయితే ఆనాటి కార్లలో నడకలో బ్యాటరీని నింపు డైనమో లేదు. దూరప్రయాణమున బ్యాటరీ వట్టిపోవును. కనుక లేపుటకు బ్యాటరీ, నడుపుటకు మాగ్నెటో. ఒకదాని లోటు రెండవది తీర్చుచుండెను.

1912లోనే అమెరికాలో కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో వచ్చినది. దానితోపాటు బ్యాటరీని నింపు డైనమోయు చేరుటచే, క్రమముగా కార్లలో మాగ్నెటోకు పని తగ్గినది. అయినను పిస్టను ఇంజనులతో ఎగురు చిన్న విమానములలో సిలిండరుకు రెండు ప్లగ్గులు, ఇంజనుకు రెండు మాగ్నెటోలు అమర్చు పద్ధతి నేటికిని కలదు. ఆకాశమున ఒక రవ్వ ఆరినను రెండవది కాపాడవలెను గదా!

యుద్ధము నేర్పిన పాఠము

1914లో మొదటి ప్రపంచయుద్ధము మొదలగువరకు బ్రిటను తనకు కావలసిన మాగ్నెటోలలో అత్యధికభాగము జర్మనీనుండియే కొనుచుండెను. యుద్ధము వచ్చినంతనే ఆ సరకు ఆగిపోయినది. లారీలు, విమానములు కట్టగల దేశమునకు, అరచేత పట్టునంతటి ఆ పెట్టె కరవైనది. దానిని నకలు చేయుట తేలిక కాలేదు. తగిన టంగ్‌స్టన్ ఉక్కు, వెంట్రుకవంటి తీగ, వేల వోల్టులకు ఓర్చుకొను పూత, ఇవన్నియు స్వదేశమున తయారుచేయుట నేర్చుకొనవలసి వచ్చినది. వస్తువును వాడుట వేరు, దాని మర్మము నెరుగుట వేరు అను సత్యము ఆ దేశమునకు ఇట్లు తెలిసివచ్చినది.

అయస్కాంతపు ఉక్కు చరిత్రయు ఇచ్చటనే మలుపు తిరిగినది. 1917లో జపానులో కొటారో హోండా కోబాల్టు కలిపిన ఉక్కును, 1931లో మిషిమా అల్యూమినియము, నికెలు కలిపిన ఇనుమును రూపొందించిరి. ఈ పరిశోధనల ఫలితముగా పెద్ద గుర్రపునాడా అయస్కాంతము చేయు పనిని చిన్న ముక్కయే చేయగలిగెను.

చిన్న ఇంజనుల రాక

చిన్న అయస్కాంతములను ఇంజను బరువుచక్రములోనే బిగించి, తీగచుట్టను, పాయింట్లను, కండెన్సరును దాని లోపల కదలకుండ నిలిపినచో వేరుగా మాగ్నెటో అక్కరలేదు. ఇదియే ఫ్లైవీల్ మాగ్నెటో. ఇంగ్లండులోని విల్లియర్స్ కంపెనీ 1920 దశకమునకే తన చిన్న రెండు స్ట్రోకుల ఇంజనులలో దీనిని వాడెను.

మన నగరమున మోటారు చాలాకాలము సంపన్నుల వస్తువు. 1932 జూన్ 15న నిజాము రాష్ట్ర రైల్వేశాఖ 27 బస్సులతో రవాణా ప్రారంభించిన పిమ్మట సామాన్యునికి మోటారు ప్రయాణము అందుబాటులోనికి వచ్చినది. స్వాతంత్ర్యానంతరము లాంబ్రెటా, వెస్పా స్కూటర్లును, 1972 నుండి లూనా మోపెడును ఫ్లైవీల్ మాగ్నెటోను గుమాస్తా ఇంటికిని, చిల్లర వర్తకుని ఇంటికిని తెచ్చినవి. అట్టి బండ్లే నేడు పాత సామానుగ మారి, పురానాపూల్ సమీపమున గురువారము జరుగు జుమ్మేరాత్ బజారువంటి సంతలకు ముక్కలు ముక్కలుగా చేరుచున్నవి. వాటిలో అనేకము నిజముగ చెడినవి కావు. రవ్వ నీరసించుటకు కారణము తెలియక విడువబడినవి.

లోపము వెదకు క్రమము

రవ్వ బలహీనమైనపుడు ప్లగ్గునుండి బయలుదేరి అయస్కాంతమువరకు వెనుకకు నడువవలెను. సులభమైన పరీక్ష ముందు, కష్టమైనది వెనుక.

మొదట, రవ్వ నిజముగ బలహీనమా యని తేల్చుకొనవలెను. గాలిని చీల్చుటకు కావలసిన వోల్టేజి, కొనల దూరముపైనే గాక గాలి పీడనముపైనను ఆధారపడునని 1889లో జర్మను శాస్త్రజ్ఞుడు పాషెన్ చూపెను. బయటి గాలిలో 1 మిల్లీమీటరు దాటుటకు సుమారు 3,000 వోల్టులు చాలును. సిలిండరులోనో, పిస్టను గాలిని ఆరేడు రెట్లు నొక్కియుంచును. అచ్చట అదే దూరమునకు వోల్టులు కొన్ని రెట్లు కావలెను. కనుక బయట మెరసిన ప్లగ్గు లోపల మెరయకపోవచ్చును. రంగును చూచి నిర్ణయించుటకంటె దూరమును చూచుట మేలు. బయట 5 మిల్లీమీటర్ల గాలిని దాటు రవ్వ, లోపల ప్లగ్గు కొనల నడుమ 0.6 మిల్లీమీటరును దాటునని నమ్మవచ్చును. పరీక్షలో తీగ కొనను గాలిలో ఊరక వదలరాదు. దూకుటకు దారిలేని వోల్టేజి చుట్టలోని పూతనే చీల్చివేయును.

రెండవది ప్లగ్గు. పింగాణిపై మసి, నూనె చేరినచో అది విద్యుత్తునకు దొంగదారి యగును. వోల్టేజి పెరుగుచుండగనే ఆ దారిని జారిపోయి రవ్వకు చాలదు. క్రొత్త ప్లగ్గుతో పోల్చిచూచుట ఉత్తమ పరీక్ష.

మూడవది ప్లగ్గు తీగ, దాని టోపీ. పాత రబ్బరు పగుళ్లలో వానకాలపు తేమ చేరును. చీకటిలో ఇంజనును త్రిప్పి చూచినచో తీగ ప్రక్కల నీలపు మెరుపులు కనబడును.

నాలుగవది స్విచ్చి తీగ. దీనిని చాలమంది మరచెదరు. మాగ్నెటో ఇంజనును ఆపుటకు ప్రాథమిక తీగను ఇంజను లోహమునకు కలుపుదురు. ఆ తీగ ఎచ్చటనైన ఒరసికొని పూత లేచినచో, స్విచ్చి నొక్కకయే సగము ఆపినట్లగును. ఒక్క క్షణము ఆ తీగను ఊడదీసి చూచినచో సంశయము తీరును.

ఐదవది పాయింట్లు. వాటి ముఖములపై నూనెగాని, ఆక్సైడు పొరగాని చేరినచో ప్రాథమిక చుట్టలో ప్రవాహము చాలినంత పెరుగదు. పెరుగనిదానిని తెంచిన లాభమేమి? శుభ్రపరచి, ఎడము సరిచూడవలెను. సాధారణముగ అది 0.3 మొదలు 0.5 మిల్లీమీటరువరకు నుండును. ఆ ఇంజనుకు తయారుచేసినవారు నిర్ణయించినదే ప్రమాణము. మాగ్నెటోలో ప్రవాహము అలవలె ఎగసి దిగుచుండును గనుక, అది శిఖరమున నున్నపుడే పాయింట్లు విడిపోవలెను. ఎడము మారినచో ఆ క్షణమును మారును. బరువుచక్రమును ఇరుసుపై నిలుపు చిన్న కీ కొంచెము తెగినను ఇట్లే జరుగును.

ఆరవది కండెన్సరు. ఇంజను తిరుగునపుడు పాయింట్ల నడుమ పెద్ద రవ్వలు, ప్లగ్గులో చిన్న రవ్వ కనబడినచో, ఫిజో 1853లో తొలగించిన లోపమే తిరిగి వచ్చినదని గ్రహింపవలెను. కండెన్సరు తీగ తెగి యుండును, లేదా లోపల విడిపోయి యుండును. అది లోపల కలిసిపోయినచో పాయింట్లు విడిపోయినను ప్రవాహము తెగదు గనుక అసలు రవ్వయే రాదు. చిన్న ఇంజనులలో దాని విలువ సుమారు 0.2 నుండి 0.3 మైక్రోఫారడ్.

ఏడవది తీగచుట్ట. ఉదయము చల్లగా నున్నపుడు చక్కగా లేచి, వేడెక్కినంతనే ఆగి, చల్లారిన పిమ్మట మరల లేచు ఇంజనులో చుట్ట పూత చెడినదని అనుమానింపవచ్చును. తొలినాటి మాగ్నెటోలలో లక్క పూత వాడిరి. అది వేడికి మెత్తబడును. మే నెల ఎండ 40 డిగ్రీలు దాటు మన నగరమున ఈ దోషము త్వరగా బయటపడుటలో వింత లేదు.

చిట్టచివర అయస్కాంతము. చాలమంది మొదట నిందించునది దీనినే. నిజమునకు అది అరుదుగ చెడును. చెడగొట్టునది తరచుగ మన చేతులే. బిగిసిన చక్రమును పుల్లరుతో లాగక సుత్తితో కొట్టినను, అధికముగ వేడిచేసినను, పాతకాలపు ఉక్కు అయస్కాంతముల ధ్రువముల నడుమ ఇనుపముక్క నుంచక చాలకాలము విడిగా పెట్టినను బలము తగ్గును. అట్లు తగ్గిన అయస్కాంతమును తగిన పరికరముతో తిరిగి అయస్కాంతీకరింపవచ్చును గాని, తక్కిన ఏడు పరీక్షలు ముగియకముందు దానిని కదలింపరాదు.

ఈ పరీక్షలన్నిటను పెట్రోలు గిన్నె దగ్గర నుండరాదు. ప్లగ్గు రంధ్రమునుండి వెలువడు ఆవిరియు అంటుకొనును. గుండెజబ్బు గలవారు అధిక వోల్టేజికి దూరముగ నుండవలెను.

తరగతిలో

1980 దశకము తరువాత వచ్చిన బండ్లలో పాయింట్లకు మారుగా ఎలక్ట్రానిక్ పరికరములు వ్యాపించినవి. అవి అరుగవు, ఎడము సరిచూడనక్కరలేదు. చెడినపుడు పెట్టె మార్చుటయే మరమ్మతు. సదుపాయము గొప్పదే, కాని లోపలి కార్యకారణములు విద్యార్థి కంటికి మరుగైనవి. వాటిని చేతితో తడవి తెలిసికొనుటకు పాత ఇంజనుకంటె మంచి పాఠ్యపరికరము లేదు.

ఉపాధ్యాయులు పాత సామాను దుకాణమున ఒక ఇగ్నిషను కాయిలును, ఒక కండెన్సరును, ఒక పాత ఆకురాయిని సంపాదింపవచ్చును. 6 వోల్టుల బ్యాటరీనుండి ప్రాథమిక చుట్టద్వారా వచ్చు తీగ కొనను, బ్యాటరీ రెండవ కొనకు కలిపిన ఆకురాయిపై గీచినచో, దాని ప్రతి పంటివద్దను ప్రవాహము తెగి, గౌణ చుట్ట కొనల నడుమ రవ్వలు దూకును. మొదట కండెన్సరు లేకుండ, పిమ్మట తీగకొనకును ఆకురాయికిని నడుమ కండెన్సరును చేర్చి చూపవలెను. ఆకురాయిపై రవ్వలు తగ్గును. కాయిలు వద్ద రవ్వ బలపడును. తీగలను ఉపాధ్యాయుడే పట్టవలెను, విద్యార్థులు దూరమునుండి చూడవలెను.

ఫిజో చూచిన మార్పును ఆ విద్యార్థులు తమ కంటితో చూచినవారగుదురు. అటుపిమ్మట పాతబస్తీ దుకాణమున ఎవరైన "కరెంటు తక్కువ" అన్నపుడు, ప్రవాహము ఎచ్చట చటుక్కున తెగుట లేదో, పుట్టిన వోల్టేజి ఏ దొంగదారిని పోవుచున్నదో వారు ప్రశ్నింపగలరు. ప్రశ్న సరియైనదైనచో సగము మరమ్మతు అయినట్లే.